ముంబై సెంట్రల్ అని చెప్పు

శనివారం పొద్దున పది గంటలకు, సెలవు పూట, నలభై మంది పెద్దవాళ్ళను బడి లైబ్రరీలో చెప్పులు విప్పించి గుండ్రంగా కూర్చోబెట్టి చేతికొక రంగు పెన్సిలు ఇస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. రుతుజకు ఇంకాస్త ఎక్కువ మండింది, ఎందుకంటే ఆమెకు వచ్చిన పెన్సిలుకు మొన లేదు. ఆ మొన లేని పసుపు పెన్సిలుతోనే తెల్లకాగితం మీద పువ్వు గీసి, మధ్యలో పేరు రాసి, రేకకొక సంగతి చొప్పున తానెవరో చెప్పుకోవాలట. భాష ఒక రేక, మతం ఒక రేక, ఉండే చోటు ఒక రేక. చెప్పేది పూనం అనే శిక్షకురాలు, అంధేరీ వైపు ఏదో సంస్థ నుంచి వచ్చింది, ఇరవయ్యారేళ్ళుంటాయేమో, చేనేత చీర కట్టుకుని, మైకు పట్టుకుని, ఇక్కడ తప్పు జవాబంటూ ఏదీ ఉండదని హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి నవ్వుతూ చెప్పింది. పదకొండేళ్ళుగా మూడో తరగతి పిల్లల తప్పు జవాబులే దిద్దుతున్న మనిషితోనా ఈ మాట, అనుకుంది రుతుజ. తప్పే లేకపోతే మమ్మల్ని ఎందుకు పిలిచావమ్మా, తప్పు జరిగిందనే కదా ఈ శనివారం తగలబడింది. గోడకు కట్టిన బ్యానరు మీద ‘డైవర్సిటీ ట్రైనింగ్, సిబ్బంది అందరికీ’ అని ఉంది. రాకపోతే ఒక సెలవు కోత. అందరికీ అంటే అందరికీ కాదు, ఆయాలూ ఊడ్చేవాళ్ళూ బయట వరండాలో టీ కాస్తున్నారు, ఎవరినీ బయట నిలబెట్టకూడదని టీచర్లు లోపల నేర్చుకుంటున్నప్పుడు కప్పులు కడగడానికి ఎవరో ఒకరు బయట ఉండాలి కదా. ఫ్యాను కిర్రుమంటోంది. వాన చినుకులకు కిటికీ చెక్క ఉబ్బి మూసుకోక, గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో బండి ఆగినప్పుడల్లా ఆ చప్పుడంతా లోపలికి వచ్చి పడుతోంది.

పక్కన మనాలి, ఇంగ్లీషు చెప్పేది, దాదర్ నుంచి వస్తుంది, పువ్వుకు ఆకులు కూడా గీసేస్తూ గొణుగుతూనే ఉంది, మంచితనం ఇంట్లో అమ్మానాన్నలు నేర్పాలిగానీ నలభై ఏళ్ళ వయసులో తెర మీద బొమ్మలు చూపిస్తే వస్తుందా, ఒక్క గుమాస్తా చేసిన పనికి అందరికీ శిక్షా, అని. ఆ ఒక్క గుమాస్తా మంగేష్ అలమరల దగ్గర అందరికంటే దూరంగా కూర్చున్నాడు, పువ్వు గీయలేదు, కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తున్నాడు. అతనితో ఎవరూ ఎదురుపడి మాట్లాడి పదకొండు రోజులైంది. మంగేష్ మంచివాడేం కాదు, ఫీజు కట్టని పిల్లల పేర్లు నలుగురిలో చదువుతాడు, తల్లుల మీద విసుక్కుంటాడు, స్టాంపు వేయడానికి మూడుసార్లు తిప్పుతాడు, కాబట్టి ఒక పిల్ల చిరునామా మార్చింది అతనే అంటే నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు. నమ్మడం ఎంత సులువో, అని రుతుజకు అందరి మీదా చిరాకు వచ్చింది, నమ్మిన ఈ ముప్పై ఎనిమిది మంది మీదా, గట్టిగా కాదనలేని మంగేష్ మీదా. చిరునామా మార్చింది తనే. ఆ సంగతి ఈ గదిలో తనకు తప్ప ఎవరికీ తెలియదు.

భాష రేక దగ్గర పెన్సిలు ఆగింది. మరాఠీ అని రాస్తే సరిపోతుంది, అందరూ అదే అనుకుంటున్నారు, అనుకోవాలనే కదా నాన్న రాజలింగం, ఆసుపత్రిలో పేరు అడిగితే నర్సు కూతురి పేరే పెట్టేసి రుతుజ అన్నాడు, ఇంటిపేరు చివర ఒక ‘కర్’ తగిలించాడు. ఆ పేరు నోరు తిరగక నానమ్మ మల్లవ్వ చివరిదాకా ‘రుత్తమ్మ’ అనే పిలిచింది. మల్లవ్వకు దాచడం అనేదే తెలియదు, బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా, ‘కామాటోళ్ళం, మా తాతలు ఇటుకలు మోసిన్రు, మా పేరే పెట్టిన్రు ఆ జాగకు’ అని మొదలుపెట్టేది, పక్కన కూర్చున్న మనవరాలు కిటికీలోంచి దూకేద్దామా అనుకునేది. మల్లవ్వకు కామాటిపుర అంటే కూలి మనుషుల ఊరు, బతుకమ్మ, శ్రావణంలో వేపాకులు. మిగతా బొంబాయికి కామాటిపుర అంటే ఒకటే అర్థం, సానివాడ, అది విన్న మగవాడి కళ్ళు ఒకలా మారతాయి, ఆడదాని కళ్ళు ఇంకొకలా. నాలుగో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడి, తర్వాత పిల్లలు చాలక అది మూతపడింది, ఐదులో మరాఠీ బడికి వెళ్ళిన మొదటిరోజు ఎక్కడుంటావని అడిగితే లేచి నిలబడి గట్టిగా చెప్పింది. తరగతి నవ్వలేదు, నవ్వినా బాగుండేది, టీచరే దగ్గరకు వచ్చి భుజం మీద చేయి వేసి, ఇకనుంచి ముంబై సెంట్రల్ అని చెప్పు బాళా, అంది. ఎంత ప్రేమగా అంది. ఆవిడను తిట్టుకుందామన్నా తిట్టు నోటికి రాదు. అప్పటినుంచి ముప్పై నాలుగేళ్ళ వయసు దాకా అదే చెప్పింది, బ్యాంకులో, కాలేజీలో, ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో. టాక్సీ ఎక్కితే నాగ్‌పాడా జంక్షన్‌లోనే దిగి మూడో గల్లీలో ఇంటిదాకా నడుస్తుంది, వానైనా సరే, చేతిలో రెండు సంచులున్నా సరే. ఆ టీచరుకు ఇలాంటి శిక్షణ ఇచ్చి ఉంటే అనేది కాదా ఆ మాట? ఏమో. పువ్వు గీసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్ళి, మరింత ప్రేమగా అనేదేమో.

తెర మీద ఇప్పుడు నీళ్ళలో తేలే మంచుకొండ, పైకి కనిపించేది కొంచెం, కింద మునిగి ఉన్నది చాలా అని పూనం వివరిస్తోంది. మంచుకొండట, ఈ ఉక్కలో. మునిగి ఉన్నదాని గురించి నాకు చెప్పకు తల్లీ. జూన్‌లో బడి తెరిచిన రెండో వారం, తరగతి పిల్లల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లతో జాబితా రాసి ఆఫీసుకు ఇవ్వాలి, మంగేష్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు, అదే జాబితా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది, పుట్టినరోజు పిలుపులకు పనికొస్తుందని. కిందటేడు అలాంటి జాబితాలోనే ఒక పిల్లవాడి చిరునామా చూసి నలుగురు తల్లులు ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్ళారు, మా పిల్లల్ని వేరే సెక్షన్‌కు మార్చండి అన్నారు, కారణం మాత్రం నోరు విప్పి చెప్పలేదు. ఈ ఏడు ఉచిత సీట్ల కోటాలో తన తరగతికి వచ్చిన సంధ్య అప్లికేషనులో ‘కామాటిపుర, పదకొండో గల్లీ’ అని ఉంది. తండ్రి లేడు, తల్లి కిష్టమ్మ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి కట్టడాల దగ్గర తట్ట మోస్తుంది. రుతుజ కలం ఆ వరుస దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగలేదు, ఒక్క నిమిషం ఆగినా బాగుండేది. ‘ముంబై సెంట్రల్ ఈస్ట్, రూము పద్నాలుగు’ అని రాసేసింది. రాసి ఊరుకుందా, మధ్యాహ్నం సంధ్యను పక్కకు పిలిచి, ఎవరడిగినా ముంబై సెంట్రల్ అని చెప్పాలి అని హిందీలో చెప్పింది, మూడుసార్లు పలికించింది, పిల్ల తప్పు లేకుండా పలికితే వెన్ను తట్టింది. మేలు చేశాననుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్తూ దారిలో మొక్కజొన్న కంకి కొనుక్కుని తిన్నది కూడా గుర్తుంది, అంత హాయిగా ఉండింది మనసు.

ఆగస్టులో ఆ రోజు రుతుజ బడిలో లేదు, ఓటర్ల జాబితా పనికి టీచర్లను తీసుకుంటారు కదా, ఆ డ్యూటీలో మజ్‌గావ్‌లో మెట్లెక్కి దిగుతోంది. పదకొండు గంటలకు సంధ్య బెంచీ మీద తల వాల్చిందట, ఒళ్ళు కాలిపోతోందట. తల్లి నంబరుకు ఫోన్ చేస్తే అది మేస్త్రీ ఫోను, అతను పని మారి సూరత్ వెళ్ళిపోయాడు. కంప్యూటర్‌లో చిరునామా చూసి ప్యూనును పంపారు, అతను ముంబై సెంట్రల్ అంతా తిరిగి, ఏ పద్నాలుగో నంబరు గదిలోనూ కిష్టమ్మ అనే ఆవిడ లేదని రెండు గంటలకు తిరిగి వచ్చాడు. ఆ పిల్లనే అడిగారు, మీ ఇల్లు ఎక్కడే, అని. సంధ్య కళ్ళు తెరవకుండా చెప్పిందట, ముంబై సెంట్రల్, టీచర్. మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే. నేర్పింది నేర్పినట్టు ఒప్పజెప్పింది, నూట మూడు జ్వరంలో కూడా ఒక్క అక్షరం పొల్లుపోకుండా. బడి నుంచి ఆమె ఇంటికి నడిస్తే పన్నెండు నిమిషాలు. సాయంత్రం నాలుగున్నరకు కిష్టమ్మ సిమెంటు చేతులతో గేటు దగ్గరకు వచ్చేదాకా ఆఫీసు బల్ల మీదే పడుకోబెట్టారు. డెంగీ. తొమ్మిది రోజులు ఆసుపత్రి. బతికింది, ఆ మాట రుతుజ రోజుకు పదిసార్లు అనుకుంటుంది, బతికింది కదా, బతికింది కదా.

తర్వాత కిష్టమ్మ గల్లీలోని సంఘం మనిషిని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వచ్చింది. అప్లికేషనులో నేను సరిగ్గానే రాయించాను, దాన్ని మార్చిందెవరు, అని ఒకటే ప్రశ్న, వచ్చీరాని హిందీలో అడిగితే సంఘం మనిషి దాన్ని సరిచేసి చెప్పాడు. రుతుజ అదే గదిలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ మంగేష్ వైపు చూసింది, మంగేష్ తనకు వచ్చిన జాబితానే ఎక్కించానన్నాడు, ఆ కాగితం చూపించమంటే లేదు, జూలైలో పాత కాగితాలతో పాటు చింపేశారు, జాబితా రాసిన టీచరును అడగాలని ఎవరికీ తోచలేదు. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా, గంట మోగింది, రెండో తరగతి పిల్లలు వరండాలో అరుచుకుంటూ పరిగెత్తారు, ఆ చప్పుడు ఆగేలోపు మాట మారిపోయింది. ఇక అక్కడినుంచి ట్రస్టు మీటింగు, సోమవారం మంగేష్ మీద విచారణ, ఈ లోపల పేపర్లకు ఎక్కకుండా అందరికీ వైవిధ్య శిక్షణ. చిరునామా అడిగితే ఇన్ని చెప్పారు, జ్వరం పిల్లను సాయంత్రం దాకా బల్ల మీదే ఉంచిన సంగతి ఎవరూ ఎత్తలేదు, ఫోన్ నంబరు మారితే పట్టించుకునే పద్ధతి లేదని ఎవరూ అనలేదు, ఆ నలుగురు తల్లుల గురించీ ఎవరూ అనలేదు. పువ్వులు గీయండి. ఈ గంట వల్ల ఒక్కరైనా మారతారా, అని ఎవరైనా అడిగితే రుతుజ మారరనే చెప్పేది. ఇలాంటి గంట అసలే లేకపోతే నయమా అని అడిగితే మాత్రం ఏం చెప్పాలో తెలియదు, ఆ తెలియకపోవడమే అన్నిటికంటే పెద్ద విసుగు.

లేవండి అంది పూనం, ఇప్పుడొక ఆట. నేల మీద ఎర్ర టేపు అంటించి ఉంది, అందరూ దాని మీద వరుసగా నిలబడాలి, ఆమె ఒక్కో వాక్యం చదువుతుంది, అది తమకు వర్తిస్తే ఒక అడుగు ముందుకు వేయాలి. ఇంట్లో పుస్తకాల మధ్య పెరిగినవాళ్ళు, ఒక అడుగు. మనాలి ముందుకు వెళ్ళింది. పేరు తప్పుగా పలికితే బాధపడాల్సిన అవసరం ఎప్పుడూ రానివాళ్ళు, ఒక అడుగు. రుతుజ కాలు కదిపింది, నిజమే కదా, ఆ పేరు అందుకే పెట్టారు. తడిబట్టల, సుద్దపొడి, పాత పుస్తకాల వాసన, పాదాల కింద నాపరాయి చల్లగా ఉంది. చిరునామా చెప్పడానికి ఎన్నడూ తడబడనివాళ్ళు, అని చదివింది పూనం, ఒక అడుగు. వరుస వరుసంతా కదిలింది. రుతుజ కాలూ కదిలింది. అడగకుండా, ఆలోచించకుండా, జూన్‌లో కలం కదిలినట్టే కదిలింది, ముందుకు పడ్డాక గానీ అది తన కాలని తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే టేపు మీద ఒక్కడే ఉన్నాడు మంగేష్. కామాటిపుర పక్కనే ఫాక్‌లాండ్ రోడ్డులో, గదుల వరుసల పాత చాల్‌లో ఉంటానని అతను ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరూ అడగలేదంతే. మనాలి నవ్వింది, చిరునామాల సంగతి ఆయనకు కాక ఎవరికి తెలుస్తుంది, అంది. నలుగురు నవ్వారు. మంగేష్ కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు, యాభై దాటిన మనిషి, సాక్సుకు బొటనవేలి దగ్గర చిరుగు.

“ఆ పిల్ల చిరునామా మార్చింది నేను,” అంది రుతుజ.

తన గొంతు తనకే కొత్తగా ఉంది, అందుకని ఆపకుండా చెప్పేసింది, జూన్‌లో జాబితా, వాట్సాప్, పిల్లకు మూడుసార్లు నేర్పడం, అంతా. నేనూ అక్కడే ఉంటాను, కామాటిపుర మూడో గల్లీ, అని కూడా అంది, అది ఎవరూ అడగలేదు. పూనం ముందుగా తేరుకుని, చాలా ధైర్యంగా పంచుకున్నారు, అందరం ఒకసారి చప్పట్లు కొడదామా, అంది, ఇద్దరో ముగ్గురో కొట్టారు కూడా. ఆ చప్పట్లకు రుతుజకు వచ్చినంత కోపం జీవితంలో ఇంకెప్పుడూ రాలేదు. ప్రిన్సిపాల్ తన గదిలోకి రమ్మంది. మంగేష్ మీద నోటీసు వెనక్కి తీసుకుంటామనీ, సోమవారం రుతుజకే నోటీసు రాతపూర్వకంగా ఇస్తామనీ, ఇంత చదువుకుని ఇలా ఎలా చేశావనీ అంది. బయట మంగేష్ చెప్పులు తొడుక్కుంటున్నాడు. రుతుజ క్షమించమంది. అతను తల ఎత్తకుండా, మా అమ్మాయి కూడా నన్నే అనుమానించింది మేడం, అన్నాడు మరాఠీలో, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకు పదకొండో గల్లీ. మూడో గల్లీ నుంచి ఎంత దూరం, అయినా ఇన్నేళ్ళలో ఇటు ఎప్పుడూ రాలేదు. మెట్ల కింద గది, గడప దగ్గర కిష్టమ్మ బియ్యం చెరుగుతోంది, టీచరును చూసి గాభరాగా లేచి, హిందీ మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టింది, మేడం, బచ్చీ అచ్ఛా, సోమ్‌వార్ ఆయేగీ, అంటూ. ఆ వెతుకులాట చూడలేక రుతుజ తెలుగులో చెప్పేసింది.

“చిట్టీల ముంబై సెంట్రల్ అని రాసింది నేనే, కిష్టమ్మా. ఆ క్లర్కు కాదు. పిల్లకు గట్ల చెప్పుమన్నది గూడ నేనే.”

కిష్టమ్మ చేట కింద పెట్టింది. మొహంలోకి చూసింది.

“నీకు తెలుగొస్తదా?” అంది. మేడం పోయింది, మీరు పోయింది. “ఆ దినం నా బిడ్డ అడ్రసు ఎవలు మార్చిన్రని ఆ హిందీల తన్లాడుకుంట అడుగుతుంటి. నువ్వు గోడకానుకోని నిలవడ్డవ్. తెలుగొస్తది నీకు.”

రుతుజకు ఆ సంగతి తట్టనే లేదు. పొద్దుటినుంచి, కాదు, పదకొండు రోజులుగా తన తప్పులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉంది, ఇది మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. వచ్చు, అంది. మా నానమ్మది కూడా పాలమూరు దిక్కే, అనబోయి ఆపుకుంది, ఇప్పుడు చుట్టరికం కలపడానికి సిగ్గేసింది. కిష్టమ్మ లోపలికి తిరిగి, సంధ్యా, ఇటు రా, టీచర్ నీకేదో చెప్తదట, అంది. ఇంకా బక్కగానే ఉన్న పిల్ల వచ్చి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. “దానికే చెప్పు,” అంది కిష్టమ్మ. “తెలుగుల చెప్పు.”

రుతుజ గడప ముందు గొంతుక్కూర్చుంది. తప్పు నేర్పాననీ, ఎవరడిగినా ఉన్నదున్నట్టే చెప్పాలనీ చెప్పింది. పదకొండేళ్ళ పాఠాల మనిషికి ఆ నాలుగు మాటలు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది, తెలుగు కూడా తుప్పు పట్టి ఉంది. సంధ్య అంతా విని, నమ్మాలా వద్దా అన్నట్టు ఆలోచించి, “మీరేడుంటరు టీచర్?” అని అడిగింది.

“కామాటిపుర మూడో గల్లీల.”

“మరి మిమ్మల్ని అడిగితె ఏం చెప్తరు?”

కిష్టమ్మ చేట మళ్ళీ చేతికి తీసుకుంది గానీ చెరగడం లేదు. గల్లీలో ఎవరో తోపుడుబండి తోసుకుంటూ పోతున్నారు.

“ఇన్నొద్దులు అబద్ధం చెప్పిన,” అంది రుతుజ.